ఈతకొలని నీరు – పెరుగుచుండు క్షారగుణము



మన పెద్దలు ఈత నేర్చినది బావులలో. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తోటలలో మెట్లుగల దిగుడుబావులు పెక్కు లుండెడివి. నడుమునకు ఎండిన సొరకాయ బుఱ్ఱలు కట్టుకొని పిల్లలు వానిలో దుమికెడివారు. ఆ బావులలో చాలవఱకు నేడు ఎండిపోయినవి. నీటికై వేయి అడుగులకు మించిన లోతునకు బోరుబావులు వేయవలసిన చోట్లు మన జిల్లాలో అనేకములు. పాతబావులకు బదులుగా నేడు నందికొండ పరిసరములలోని తోటయిండ్లలో సిమెంటుతో కట్టిన కొలనులు కానవచ్చుచున్నవి. కన్నడమున 'ఈజుకొళ' యనియు, తెలుగున 'ఈతకొలను' అనియు పిలువబడు ఈ కొలనులకు సాధారణముగా ఆ బోరునీరే ఆధారము.

ఇట్టి కొలనును కాపాడువారికి ఒక చిక్కు తఱచుగా కలుగును. నీటిలో క్షారగుణము దినదినము పెరుగుచుండును. ఆమ్లము పోసి తగ్గింతురు. వారము తిరుగకమునుపే అది మఱల పెరుగును. తుదకు విసిగి నీరంతయు పాఱబోసి క్రొత్త నీరు నింపుదురు. క్రొత్త నీటికిని అదే గతి పట్టును. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని నదులు మన కొండలలోనే పుట్టినను, ఏడు పొడవునను పాఱు నది యొక్కటియు మన జిల్లాకు లేదు. ఇట్టి సీమలో వేలకొలది లీటర్ల నీటిని కారణ మెఱుగక పాఱబోయుట తగిన పనియా? ఈ వ్యాధికి మూలమేమో తెలిసికొన్నచో నీరును దక్కును. ఈదెడి పిల్లల ఆరోగ్యమును దక్కును.

పి.హెచ్. అనగా నేమి?

చింతపండు, నిమ్మపండు పులుపుగా నుండును. వానిలో ఆమ్లము కలదు. సున్నము, చవుడు మన్ను వీనిలో క్షారము కలదు. పూర్వము చాకలివారు బట్ట లుదుకుటకు చవుడు వాడుట దాని క్షారగుణము వలననే. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱని పారాణి యగుట మీ ఇండ్లలో చూచియే యుందురు. క్షారము తగిలినంతనే పసుపు తన రంగును మార్చుకొనును. ఆమ్లక్షారములను గుర్తించు సాధనము అనాదిగా మన వంటయింటనే యున్న దన్నమాట.

కాని గుర్తించుట వేఱు, కొలుచుట వేఱు. కొలుచుటకు తగిన మానమును 1909వ సంవత్సరమున సోరెన్సెన్ అను డెన్మార్కు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఏర్పఱచెను. ఆయన అప్పుడు కోపెన్‌హాగెన్ నగరమునందలి కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో పనిచేయుచుండెను. నీటిలోని ఉదజని అయానుల, అనగా హైడ్రోజను అయానుల, పరిమాణమును తెలుపు ఈ మానమునకే పి.హెచ్. అని పేరు. 7 అన్న తటస్థము. అంతకు తక్కువైన ఆమ్లము, ఎక్కువైన క్షారము. ఇందొక విశేషము కలదు. ఒక్కొక్క అంకె పెరిగినపుడు ఉదజని అయానులు పదియవ వంతునకు తగ్గును. కావున పి.హెచ్. 7.2 నుండి 8.2 నకు పెరుగుట కంటికి స్వల్పముగా తోచినను, నిజమునకు అది పది రెట్ల మార్పు.

త్రాగు నీటి పి.హెచ్. 6.5 నుండి 8.5 వఱకు ఉండవచ్చునని భారతీయ ప్రమాణములు తెలుపుచున్నవి. ఈతకొలని నీటికి ఇంకను ఇఱుకైన హద్దు కలదు, అది 7.2 నుండి 7.8 వఱకు మాత్రమే. ఈ భేదమునకు కారణము ముందు తెలియగలదు.

వెడలిపోవు వాయువు

నీటిలో క్షారము పెరిగినదన్న ఎవరో క్షారమును కలిపియుందురని మనము తలంతుము. ఈతకొలని విషయమున ఎక్కువగా జరుగునది దీనికి విపరీతము. నీటిలోనికి ఏదియో వచ్చుటచేత కాదు, నీటినుండి ఒకటి వెడలిపోవుటచేత క్షారగుణము పెరుగును. ఆ పోవునది బొగ్గుపులుసు గాలి, అనగా కార్బన్ డై ఆక్సైడు.

అది నీటిలోనికి ఎట్లు వచ్చెను? వాన నీరు నేలలోని కింకునపుడు అచ్చట వేళ్లును, సూక్ష్మజీవులును విడుచు బొగ్గుపులుసు గాలిని తనలో కలుపుకొనును. అట్లు కలుపుకొనిన నీరు కొంచెము పులిసి, మన ప్రాంతపు నల్లఱాతి పొరలను, సున్నపు కంకరను ఏండ్లతరబడి మెల్లమెల్లగా కరగించును. ఆ కరగుటవలన నీటిలో బైకార్బొనేటు అను లవణములు చేరును. భూమిలోపల నున్నంతవఱకు వాయువును, బైకార్బొనేటును కలిసి యుండును. వాయువు పులుపు నిచ్చుచుండును, బైకార్బొనేటు క్షారపు వైపు లాగుచుండును. రెండింటి పోరున పి.హెచ్. 7 నకు సమీపమున నిలుచును.

బోరునుండి పైకి వచ్చి కొలనిలో పడిన నీటి సంగతి వేఱు. గోలీసోడాను తలచుకొనుడు. గోలీ బిగిసి యున్నంతవఱకు గాలి నీటిలో అణగి యుండును. గోలీని క్రిందికి నొక్కినంతనే బుసబుస పొంగును. కొంతసేపు ఉంచిన సోడాలో ఆ ఘాటు మిగులదు. బోరునీరును ఇట్టిదే, కాకున్న దాని పొంగు కంటికి కనబడదు. పైనున్న గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో నాలుగు వందల ఇరువదికి కొంచెము మించి మాత్రమే కలదు. నీటిలో అంతకంటె అనేక రెట్లు కలదు. కావున వాయువు నీటిని విడిచి గాలిలోనికి పోవుచుండును. పోయిన దానిని భర్తీ చేయుటకు నీటిలోని బైకార్బొనేటు ఉదజని అయానులను పట్టుకొని మఱికొంత బొగ్గుపులుసు వాయువుగా మాఱును. అట్లు ఉదజని అయానులు ఖర్చగును. అవి తగ్గుట యన్న పి.హెచ్. పెరుగుట యని యింతకు ముందే తెలిసికొంటిమి.

నీటిని ఎంత కలచిన వాయువు అంత వడిగా పోవును. పిల్లలు దుముకుట, కృత్రిమ జలపాతము పడుట, ఫౌంటెను చిమ్ముట ఇవి యన్నియు క్షారగుణమును పెంచును.

జ్వరమును, రోగమును

ఇచ్చట రెండు కొలతలను వేఱువేఱుగా తెలిసికొనవలెను. ఒకటి పి.హెచ్. రెండవది నీటిలో దాగియున్న బైకార్బొనేటుల మొత్తము. దీనిని క్షారనిల్వ యందము. లీటరు నీటిలో ఇన్ని మిల్లీగ్రాములని దీనిని లెక్కింతురు. పి.హెచ్. జ్వరమాని చూపు వేడిమి వంటిది. క్షారనిల్వ ఆ జ్వరమునకు మూలమైన రోగము వంటిది. వాయువు పోయినపుడు పి.హెచ్. మాఱునే కాని క్షారనిల్వ తఱుగదు.

ఈతకొలనికి 80 నుండి 120 వఱకు క్షారనిల్వ చాలును. మనవంటి నల్లఱాతి సీమలలో బోరునీటి క్షారనిల్వ 200 దాటుట సామాన్యము. 300 అయినను వింత లేదు. ఒకే పి.హెచ్. వద్ద 300 గల నీటినుండి పోజూచు వాయువు, 100 గల నీటినుండి పోజూచు దానికి మూడు రెట్లు. అందుచేతనే మన కొలనులలో పి.హెచ్. అంత త్వరగా ఎగబ్రాకును. నేటి పి.హెచ్.ను మాత్రమే చూచి గరిటెడు ఆమ్లము పోయువాడు జ్వరమునకు తడిగుడ్డ వేయువాడే కాని రోగమును కుదుర్చువాడు కాడు.

ఈ మూలకారణమునకు తోడు మఱికొన్ని కలవు. క్రొత్తగా పూసిన సిమెంటునుండి కొన్ని మాసములపాటు సున్నము నీటిలోనికి ఊరుచుండును. పాచి పట్టిన నీటిలో, ఆ పాచి పగలు సూర్యరశ్మిలో బొగ్గుపులుసు వాయువును ఆహారముగా గ్రహించును. కావున సాయంకాలమున పి.హెచ్. ఎక్కువగా, తెల్లవాఱుజామున తక్కువగా ఉండును. ప్రతిదినము ఒకే వేళకు కొలువవలె ననుటకు కారణ మిదియే. ఎండకాలమున నీరు ఆవిరియై పోవును కాని అందలి లవణములు పోవు. తఱిగిన నీటికి బదులు మఱల బోరునీరు పోసినకొలది క్షారనిల్వ మేటవేయును.

పెరిగిన నష్టమేమి?

మొదటి నష్టము కంటికి కనబడునది. నీటిలోని సున్నము తెల్లని పొక్కుగా గోడలకును, గొట్టములకును అంటుకొనును. నీరు మసక బాఱును. ఈదువారి కన్నులు మండును.

రెండవది కంటికి కనబడనిది, కాని ప్రమాదకరమైనది. కొలని నీటిలో క్రిములను చంపుటకు క్లోరిను వేయుదురు. నీటిలో కలిసిన క్లోరిను రెండు రూపములలో ఉండును. వానిలో హైపోక్లోరసామ్లమను రూపమునకే క్రిములను చంపు బలము ఎక్కువ. వేఱు ద్రవ్యము లేవియు కలియని నీటిలో పి.హెచ్. 7 ఉన్నపుడు క్లోరినులో దాదాపు నాలుగింట మూడు పాళ్లు ఈ బలమైన రూపమున నుండును. 7.5 వద్ద సగము. 8 వద్ద నాలుగవ వంతునకును తక్కువ. 8.5 వద్ద పదియవ వంతు మాత్రమే. వేసిన మందు అంతయే. పనిచేయునది మాత్రము పదింట ఒక పాలు. యజమాని మందు వేసితినని నిశ్చింతగా నుండును. క్రిములును నిశ్చింతగా నుండును!

ఇది నవ్వి విడువదగిన విషయము కాదు. వెచ్చని మంచినీటిలో పెరుగు నేగ్లేరియా ఫౌలెరి అను అమీబా ముక్కుద్వారా మెదడునకు చేరి ప్రాణాంతకమైన వ్యాధిని కలిగించును. 2024, 2025 సంవత్సరములలో కేరళ రాష్ట్రమున అమీబా వలన కలుగు మెదడువాపునకు పిల్లలును పెద్దలును గురియైరి. క్లోరిను సరిగా పనిచేయు కొలనులో ఈ అమీబా బ్రదుకజాలదు. క్లోరిను సరిగా పనిచేయుట పి.హెచ్. పైననే ఆధారపడి యున్నది. ఈతకొలనికి ఇఱుకైన హద్దు పెట్టుటకు ఇదియే ముఖ్య కారణము.

చికిత్సాక్రమము

ఒక కొలను ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, ఒకటింబావు మీటరు లోతు కలదనుకొందము. అందు పట్టునది 40 ఘనపు మీటర్లు, అనగా 40,000 లీటర్లు. దాని క్షారనిల్వ 300. దీనిని 100 నకు దింపవలెను.

లెక్క యిట్లుండును. ఈ కొలనులో క్షారనిల్వ 10 తగ్గుటకు, నూటికి 30 మొదలు 33 పాళ్ల గాఢతగల ఉదజహరికామ్లము సుమారు 800 మిల్లీలీటర్లు పట్టును. 200 తగ్గుటకు ఇరువది రెట్లు, అనగా 16 లీటర్లు. ఇదంతయు ఒకేసారి పోసిన నీరు మిక్కిలి పులిసి సిమెంటును తినివేయును. దినమునకు ఒక్క విడతగా 800 మిల్లీలీటర్లు పోసి, పంపును త్రిప్పి, తరువాత ఫౌంటెనుతోనో, జలపాతముతోనో నీటిని గాలిలో కలచవలెను. ఆమ్లము బైకార్బొనేటును బొగ్గుపులుసు వాయువుగా మార్చును. కలచుట ఆ వాయువును వెడలగొట్టును. పి.హెచ్. తగ్గి మఱల పెరుగును, కాని క్షారనిల్వ మాత్రము మెట్టుమెట్టుగా దిగును. ఇంతకుముందు శత్రువుగా కనబడిన గాలియే ఇప్పుడు మిత్రమైనది. ఇరువది దినములలో రోగము కుదుటపడును. ఆ తరువాత కూడ పి.హెచ్. కొంత పెరుగును, కాని మెల్లగా పెరుగును, కొంచెపు ఆమ్లముతో అణగును.

ఈ పని పెద్దలదే కాని పిల్లలది కాదు. ఆమ్లమును నీటిలో పోయవలెను. నీటిని ఆమ్లములో ఎన్నడును పోయరాదు. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు ఉండవలెను. ఆమ్లము పోయునపుడు కొలనులో ఎవరును ఉండరాదు. మఱల కొలిచి చూచిన పిదపనే దిగవలెను. అన్నిటికంటె ముఖ్యము: ఆమ్లమును, బ్లీచింగు పొడిని ఒకేచోట ఉంచరాదు, ఒకే పాత్రలో కలుపరాదు. ఆ రెండును కలిసిన క్లోరిను విషవాయువు పుట్టును. మొదటి ప్రపంచ సంగ్రామములో 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియము దేశపు ఈప్ర్ వద్ద జర్మను సేన శత్రువులపై విడిచినది ఆ వాయువునే. ఇంటి స్నానపుగదిలో ఆమ్లముతోను, బ్లీచింగు పొడితోను ఒక్కసారిగా కడుగువారు కూడ ఈ మాట మఱువరాదు.

వాననీటి సాయము

ఆమ్లము లేకయే ఈ రోగమును చాలవఱకు నివారించు మార్గ మొకటి కలదు. వాననీరు నేలను తాకకమునుపు దానిలో బైకార్బొనేటు దాదాపు శూన్యము. క్షారనిల్వ 300 గల బోరునీరు ఒక పాలు, వాననీరు రెండు పాళ్లు కలిపినచో మిశ్రమము యొక్క క్షారనిల్వ 100 అగును. మనకు కావలసినదియు అదియే!

అంత వాననీరు లభించునా యని సందేహింపవలదు. మన జిల్లాలో సాధారణముగా సంవత్సరమునకు ఏడెనిమిది వందల మిల్లీమీటర్ల వాన కురియును. నూఱు చదరపు మీటర్ల మిద్దెపై 700 మిల్లీమీటర్ల వాన కురిసిన 70,000 లీటర్ల నీరు పడినట్లు. మన కొలనికి కావలసిన రెండు పాళ్లు 27,000 లీటర్లు మాత్రమే. మొదటి వానకు మిద్దె కడిగిన నీటిని వదలి, తరువాతి నీటిని తొట్టిలో పట్టి దాచుకొన్నచో కొలను నిండును. పైగా ఎండకాలమున తఱిగిన నీటిని భర్తీచేయుటకును మిగులును. భూగర్భము నుండి త్రవ్వి తెచ్చిన నీటికి ఆమ్లము పోయుటకంటె, ఆకాశమిచ్చిన నీటిని ఒడిసి పట్టుట తేలికయు, చవుకయు కదా! మన చిక్కబళ్లాపురమునకు సమీపమున ముద్దేనహళ్లిలో 1861లో జన్మించి, 1908 నాటి మూసీనది వఱద తరువాత హైదరాబాదు నగర రక్షణకు పథకము రచించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు లోకమునకు చూపినదియు ఇదియే: నీటిని లెక్కించి వాడినవాడే నీటికి యజమాని.

కొలను లేనివారికి దీనితో పని యేమి?

మీలో ఎక్కువమంది ఇండ్లలో ఈతకొలను ఉండదు. అయినను ఈ శాస్త్రము మీదియే. ఇంటి తొట్టి అంచున, కొళాయి మూతిపై, కాగుబిందె అడుగున గట్టిపడు తెల్లని పొక్కు బొగ్గుపులుసు వాయువు వెడలిపోగా మిగిలిన సున్నమే. ఇంకొక పెద్ద విషయము కూడ కలదు. భూమిలోపల నీరు క్షారమై, సున్నము తక్కువై, బైకార్బొనేటు ఎక్కువైనపుడు అది ఱాళ్లలోని ఫ్లోరైడును కూడ అధికముగా కరగించుకొనును. బాగేపల్లి మొదలగు తాలూకాలలో ఫ్లోరైడు సమస్య మనమెఱిగినదే. పండ్లపై గోధుమరంగు చారలు, పెద్దలలో బిగిసిన కీళ్లు దాని గుర్తులు. మన దేశమున ఈ వ్యాధి 1937లో మొదట వైద్యశాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా తెలుగు పల్లెలలోనే. త్రాగు నీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒక మిల్లీగ్రామును మించరాదు. వేఱు నీరు దొరకనిచో ఒకటిన్నర వఱకు సహింపవచ్చును. కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి ఇంకను చిక్కబడును. వాననీరే ఇచ్చటను ఉత్తమమైన ఔషధము.

ఒక చిన్న ప్రయోగముతో ఈ వ్యాసమును ముగింతును. పంపునుండి అప్పుడే వచ్చిన బోరునీటిని ఒక సీసాలో అంచువఱకు నింపి బిగించి యుంచుడు. అదే నీటిని రెండు లోటాలలో, కాఫీ చల్లార్చునట్లు, నూఱుసార్లు ఎత్తిపోయుడు. పిదప రెండింటిలోను సమముగా ఫినాల్ రెడ్ అను సూచక ద్రవము కొన్ని చుక్కలు వేయుడు. ఇది మన పాఠశాలల ప్రయోగశాలలలో దొరకును, 6.8 వద్ద పసుపుగాను, 8.2 వద్ద ఎఱ్ఱగాను ఉండును. ఎత్తిపోసిన నీరు సీసాలోని నీటికంటె ఎఱ్ఱగా నుండుట చూతురు. మీరు దానిలో చిటికెడు క్షారమైనను కలుపలేదు. కంటికి కనబడక వెడలిపోయిన ఒక వాయువు ఆ రంగును మార్చినది.

కనుక బిడ్డలారా, నీరు చెడినదని పాఱబోయుటకు ముందు, అది ఏల చెడినదో అడుగుడు. నీరే సమాధానము చెప్పును. వినుటకు చేతిలో ఒక సూచక ద్రవమును, మనస్సులో కొంత ఓర్పును ఉన్న చాలును.